ముఖంలోంచి ముఖం: స్క్విర్ల్జ్ మార్ఫ్‌తో మూడు నెలల అనుభవం

నాన్నగారి షష్టిపూర్తికి ఏదైనా కొత్తగా చేయాలని ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నప్పుడు, మా ఇంటి నాలుగు తరాల మగవాళ్ల ముఖాలు ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తున్నట్టు కనిపించే చిన్న వీడియో వేస్తే బాగుంటుందని తమ్ముడు అన్నాడు. తాతయ్య ముఖం మెల్లగా నాన్నగారి ముఖం కావాలి, అది అన్నయ్య ముఖంగా, చివరికి అన్నయ్య నాలుగేళ్ల కొడుకు ముఖంగా మారాలి. ఆలోచన అందరికీ నచ్చింది. ఫోటోలు తీసుకెళ్లి ఒక స్టూడియోకు ఇచ్చాం. వాళ్లు రెండు వేల రూపాయలు తీసుకుని ఇచ్చిన వీడియోలో ముఖం మారడమన్నదే లేదు. ఒక ఫోటో మసకబారుతుంటే దాని మీద మరో ఫోటో తేలుతోంది, అంతే. మధ్యలో ఒక క్షణంపాటు తాతయ్యకు నాలుగు కళ్లు, ఒకదాని కింద ఒకటి రెండు మీసాలు కనిపించాయి. నాన్నమ్మ అది చూసి, "ఆయన ముఖాన్ని ఇలా చేశారేమిటమ్మా" అని చాలా నొచ్చుకుంది. ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. పని నేనే నేర్చుకుని చేయాలని నిశ్చయించుకుని, వెతికి వెతికి చివరికి పట్టుకున్న సాధనం స్క్విర్ల్జ్ మార్ఫ్ అనే కంప్యూటరు సాఫ్ట్‌వేర్. మూడు నెలలుగా దానితో మనుషుల ముఖాలు, మా కుక్క ముఖం, సినీనటుల ముఖాలు మార్చి చూసిన తరువాత, ఇలాంటి పని చేసుకోవాలనుకునే వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. మన తెలుగు పత్రికల్లో 'మార్ఫింగ్' అన్న పదం కనిపించిందంటే అది దాదాపు ఎప్పుడూ నేరవార్తే. అమ్మాయిల ఫోటోలను మార్చి వేధించినవారి గురించో, అప్పు కట్టలేదని ఫోటోలు మార్ఫింగ్ చేసి బంధువులకు పంపిన రుణ యాప్‌ల వాళ్ల గురించో చదివీ చదివీ ఆ మాట వింటేనే భయపడే స్థితికి వచ్చాం. నేను ఇంట్లో "మార్ఫింగ్ నేర్చుకుంటున్నాను" అన్నప్పుడు అమ్మ ఒక్కసారిగా తలెత్తి నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నిజానికి ఆ పదం ఒక బొమ్మ క్రమక్రమంగా మరో బొమ్మగా రూపు మార్చుకునే కళకు పేరు. 1991లో మైకేల్ జాక్సన్ 'బ్లాక్ ఆర్ వైట్' వీడియో చివర్లో రకరకాల జాతుల స్త్రీపురుషులు తలలూపుతూ పాడుతుంటే ఒకరి ముఖం మరొకరిగా మారిపోయే దృశ్యంతో ఈ కళ ప్రపంచమంతటికీ తెలిసింది. దాన్ని తయారుచేసిన సంస్థ పసిఫిక్ డేటా ఇమేజెస్. ఆ మరుసటి ఏడాది, 1992లో, ఆ సంస్థలో పనిచేసిన షాన్ నీలీ, థడియస్ బయర్ అనే మరొకరితో కలిసి ఆ పద్ధతిని వివరిస్తూ సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో పత్రం సమర్పించారు. అప్పట్లో ఖరీదైన యంత్రాలు ఉన్నవారికే సాధ్యమైన పనిని ఇప్పుడు ఇంట్లోని పాత ల్యాప్‌టాప్ మీద, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చేసుకోవచ్చు.

స్టూడియో వాళ్లు చేసినదానికీ అసలైన మార్ఫింగ్‌కూ తేడా ఎక్కడుందో తెలిస్తేనే ఈ సాఫ్ట్‌వేర్ విలువ తెలుస్తుంది. ఒక బొమ్మను మసకబారుస్తూ రెండో బొమ్మను పైకి తేవడం సగం పని మాత్రమే. రెండు ముఖాల్లో కళ్లు ఒకే చోట ఉండవు, ముక్కు పొడవు ఒకటి కాదు, గడ్డం దిగువకు ఉండవచ్చు, ఎగువకు ఉండవచ్చు. అందువల్ల మొదటి ముఖంలోని కన్ను రెండో ముఖంలోని కన్ను ఉన్న చోటికి జరుగుతూ వెళ్లాలి. అదే సమయంలో రెండో ముఖంలోని కన్ను మొదటి కన్ను ఉన్న చోటి నుంచి బయలుదేరి తన స్థానానికి చేరుకోవాలి. ఇలా రెండు బొమ్మలూ సాగుతూ, ముడుచుకుంటూ ప్రతి ఫ్రేములోనూ, అంటే వీడియోలోని ఒక్కో నిశ్చల చిత్రంలోనూ, ఒకే ఆకారంలో కలుసుకుంటాయి కాబట్టే, వాటి రంగులు కలిసినప్పుడు చూసేవారికి ఒకే ముఖం కనిపిస్తుంది. ఏ కన్ను ఏ కన్నుగా మారాలో, ఏ పెదవి అంచు ఎక్కడికి చేరాలో కంప్యూటరుకు మనమే చెప్పాలి. స్క్విర్ల్జ్ మార్ఫ్‌లో ఆ చెప్పడమంతా చుక్కలతోనే జరుగుతుంది.

ఇది జైబర్‌పిక్స్ అనే పేరుతో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్, విండోస్ మీద మాత్రమే పనిచేస్తుంది. చూడటానికి పాతకాలపు ప్రోగ్రాములాగే ఉంటుంది. ఈనాటి యాప్‌ల హంగులేవీ ఇందులో లేవు. ఫోటోలు తెరిస్తే ఒక్కోటీ ఒక్కో కిటికీలో పరుచుకుంటుంది. ఒక ఫోటో మీద చుక్క పెడితే, తెరిచి ఉన్న మిగతా ఫోటోలన్నిటిలోనూ అలాంటి చుక్కే ప్రత్యక్షమవుతుంది. తాతయ్య కంటి కొసన పెట్టిన చుక్క నాన్నగారి ఫోటోలో చెంప మీద కనిపిస్తే, దాన్ని పట్టి లాగి కంటి కొసకు చేర్చాలి, అలాగే అన్నయ్య ఫోటోలోనూ, చిన్నవాడి ఫోటోలోనూ. చేసే పనంతా ఇదే. వినడానికి ఎంతో సులువుగా ఉన్నా, ముఖం కుదిరేదీ చెడేదీ ఈ ఒక్క పనిలోనే. సంక్రాంతి ముగ్గులో ఒక చుక్క పక్కకు పడితే గీత మొత్తం ఎలా వంకర పోతుందో, ఇక్కడ కంటి దగ్గర ఒక్క చుక్క తప్పితే మనిషి చూపే మారిపోతుంది.

మొదటి ప్రయత్నంలో నేను పాతిక చుక్కలే పెట్టాను. కళ్లు, ముక్కు, పెదవులు బాగానే కుదిరాయి గానీ దవడలు రెండేసి కనిపించాయి, చెవులు గాలిలో కరిగి మరో చోట మొలిచాయి. చుక్కలు పెంచుకుంటూ పోగా డెబ్బై దగ్గర ముఖం నిలబడింది. నా అనుభవంలో కళ్లతో మొదలుపెట్టడమే మేలు. లోపలి కొస, బయటి కొస, పై రెప్ప నడుమ, కింది రెప్ప నడుమ, కనుపాప మధ్య. ఒక్కో కంటికి ఈ ఐదూ తప్పనిసరి. కనుపాప మధ్య చుక్క పెట్టకపోతే మారే దారిలో చూపు ఎటో వెళ్లిపోతుంది. తరువాత కనుబొమలు, ముక్కు పుటాలు, పెదవుల అంచులు, ఆపైన దవడ గీత. దవడకు చెవి కింది నుంచి గడ్డం మీదుగా రెండో చెవి వరకు పదమూడు చుక్కలు పెట్టాను. అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత. తాతయ్యకు బట్టతల, నాన్నగారికి నుదుటి రెండు వైపులా జుట్టు వెనక్కు తగ్గింది, అన్నయ్యకు ఒత్తుగా ఉంది. ఆ గీత మీద తొమ్మిది చుక్కలు పెట్టి సరిచూసుకున్న తరువాత, జుట్టు ఎక్కడి నుంచో ఎగిరి వచ్చి అతుక్కున్నట్టు కాకుండా తల మీదనే మెల్లగా మొలుస్తూ వచ్చింది.

మీసం సంగతి వేరుగా చెప్పాలి. తాతయ్యది కొసలు తిరిగిన నిండు మీసం, నాన్నగారిది సన్నని గీత, అన్నయ్యకు లేదు, చిన్నవాడికి ఉండే ప్రశ్నే లేదు. చుక్కలన్నీ నాలుగు ఫోటోల్లోనూ ఉండాల్సిందే కాబట్టి, తాతయ్య మీసం చుట్టూ పెట్టిన ఎనిమిది చుక్కలు చిన్నవాడి పైపెదవి మీద కూడా ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు. వాటిని అక్కడ ముక్కుకూ పెదవికీ మధ్య చిన్న జాగాలో దగ్గరదగ్గరగా, కానీ ఒకదానినొకటి దాటకుండా వరుస తప్పకుండా అమర్చాను. అప్పుడు మీసం నాన్నగారి దగ్గరికి వచ్చేసరికి సన్నబడి, అన్నయ్య దగ్గరికి వచ్చేసరికి లోపలికి ముడుచుకుంటూ మాయమైంది. ఆ రెండు క్షణాలను నేను ఎన్నిసార్లు వేసుకుని చూశానో లెక్కలేదు.

వరుస తప్పకుండా అని ఎందుకు అన్నానంటే, ఈ సాఫ్ట్‌వేర్ మనం పెట్టిన చుక్కలను కలిపి ముఖమంతా చిన్న చిన్న త్రిభుజాలుగా విడదీసుకుని, ఒక ఫోటోలోని త్రిభుజాన్ని మరో ఫోటోలోని అదే త్రిభుజంగా సాగదీస్తుంది. ఎడమ చుక్క కుడి చుక్కను దాటి అవతలికి పోతే ఆ త్రిభుజం బోర్లా పడుతుంది. తెర మీద చర్మం మడత పడ్డట్టు, చీర కుచ్చిళ్లు నలిగినట్టు కనిపిస్తుంది. ఈ త్రిభుజాల వలను ఫోటో మీదనే చూపించే సౌకర్యం ఇందులో ఉంది. కొత్తగా మొదలుపెట్టేవారు ఆ వలను ఆన్ చేసుకుని పని చేస్తే, తప్పు ఏ చుక్క దగ్గరుందో వెతుక్కోవాల్సిన బాధ తప్పుతుంది. ఉచితంగా దొరికే సాధనంలో ఇంత పారదర్శకంగా లోపలి పనిని చూపించడం నాకు ఎంతో నచ్చింది.

రెండో వీడియో అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు. మగవాళ్ల ముఖాల్లో రాని చిక్కు ఇక్కడ బొట్టుతో వచ్చింది. అమ్మమ్మది రూపాయి కాసంత కుంకుమ బొట్టు, కనుబొమలకు కొంచెం పైన. అమ్మది చిన్న గుండ్రని స్టిక్కరు, సరిగ్గా కనుబొమల మధ్య. నాది ఇంకా చిన్నది, నిలువు గీతలాంటిది. మొదటిసారి బొట్టుకు చుక్కలు పెట్టడం మరిచాను. ముఖం ఎంత చక్కగా మారుతున్నా, నుదుటి మీద ఒక బొట్టు వెలిసిపోతుంటే దాని కింద మరో బొట్టు తేలుతూ వచ్చింది. చూసేవారి కన్ను ముఖం మొత్తాన్ని వదిలేసి అక్కడికే పోతోంది. పైన, కింద, ఎడమ, కుడి నాలుగు చుక్కలు పెట్టి, మధ్యలో ఐదోది పెట్టాక, అమ్మమ్మ కుంకుమ బొట్టు జారుతూ చిన్నదవుతూ వచ్చి అమ్మ స్టిక్కరుగా కుదురుకుంది. ముక్కుపుడకకూ ఇదే పద్ధతి. అమ్మమ్మది కుడివైపు, అమ్మది ఎడమవైపు అయినందువల్ల దాన్ని ముక్కు మీదుగా ప్రయాణం చేయించడం బాగుండదని, ఒకదాన్ని మసకబారనిచ్చి రెండోదాన్ని అక్కడే తేలనిచ్చాను. ప్రతిదాన్నీ కదిలించాలనుకోకూడదని, కొన్నిటిని ఉన్నచోటనే మాయమవనివ్వాలని అక్కడ తెలిసింది.

ఫోటోల ఎంపిక మీద ఎవరూ తొందరపడవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే చుక్కలతో సరిదిద్దలేని లోపాలన్నీ ఫోటోల్లోనే ఉంటాయి. ఒకరు నేరుగా చూస్తూ, మరొకరు పక్కకు తిరిగి ఉంటే ముక్కు ఎన్ని చుక్కలు పెట్టినా ఒప్పదు. ఒకరు పళ్లు కనిపించేలా నవ్వుతూ, మరొకరు నోరు మూసుకుని ఉంటే పళ్లు పెదవుల చర్మంలోంచి బయటికి వస్తున్నట్టు భయం పుట్టిస్తుంది. మా తాతయ్య ఫోటో గోడకు తగిలించిన ఫ్రేములో ఉండేది. అద్దం మీద ట్యూబులైటు మెరుపు పడుతుండటంతో ఫోన్‌తో తీసిన కాపీ పనికిరాలేదు. వెనక మేకులు జాగ్రత్తగా ఊడదీసి, ఫోటోను బయటికి తీసి 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో, స్కాన్ చేయించాను. తరువాత నాలుగు ఫోటోల్లోనూ రెండు కళ్లూ ఒకే అడ్డగీత మీదికి వచ్చేలా కొంచెం తిప్పి, అన్నిటినీ 800 పిక్సెళ్ల వెడల్పు, 1000 పిక్సెళ్ల ఎత్తు కొలతకు కత్తిరించాను. ఈ పనికి ఇర్ఫాన్‌వ్యూ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. నలుపు తెలుపు ఫోటో రంగుల్లోకి మారడం బాగుండదేమోనని మొదట సందేహించాను గానీ, తాతయ్య ముఖంలోంచి నాన్నగారు వస్తున్న కొద్దీ చెంపలకు రంగు ఎక్కుతూ రావడం చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. వెనకాల ఉన్న గోడ, తెరలు, చెట్లు మాత్రం తీసేసి అన్నిటికీ ఒకే బూడిదరంగు నేపథ్యం పెట్టడం అవసరం.

మా ఇంటి కుక్కను అన్నయ్య కొడుకుగా మార్చాలన్నది ఆ చిన్నవాడి కోరికే. వాడు పక్కన కూర్చుని, "అత్తా, వాడి మూతి నా ముక్కు అవుతుందా?" అని అడుగుతూనే ఉన్నాడు. కుక్క ముఖంతో పని చేసేటప్పుడు అసలు ప్రశ్న కూడా అదే. మూతి ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి పక్కనుంచి తీసిన ఫోటో పనికిరాదు. కుక్క సరిగ్గా కెమెరా వైపు, అదీ మన కళ్ల ఎత్తు నుంచి చూస్తున్న ఫోటో కావాలి. బిస్కెట్టు చూపించి నలభై ఫోటోలు తీస్తే ఒకటి కుదిరింది. కుక్క నల్లని ముక్కు చివరను చిన్నవాడి ముక్కు చివరకు, నోటి చీలికను పెదవుల మధ్య గీతకు, చెవులను వాడి జుట్టు పైభాగానికి జత చేశాను. చెవులను చెవులకే కలపాలని మనకు సహజంగా తోస్తుంది. కానీ కుక్క చెవులు తల పైన ఉంటాయి, మనిషివి పక్కన ఉంటాయి, వాటిని అలా లాగితే చెంపలన్నీ చిరిగినట్టవుతాయి. జుట్టులో కలిసిపోనిస్తేనే అందంగా ఉంటుంది. పిల్లి ముఖం ఇంకా సులువు. మూతి పొట్టిగా, కళ్లు ముందుకు ఉండటంతో మనిషి ముఖానికి దగ్గరగా ఉంటుంది. పిల్లలకు ఈ పని నేర్పాలంటే పిల్లితో మొదలుపెట్టించడం మంచిది.

సినీనటుల ముఖాలతో నేను చేసినవి రెండే. నందమూరి తారక రామారావు నుంచి ఆయన మనవడు జూనియర్ ఎన్టీఆర్‌కు ఒకటి, అక్కినేని నాగేశ్వరరావు నుంచి నాగార్జున మీదుగా నాగ చైతన్యకు ఒకటి. పోలికలు తరాల మీదుగా ఎలా దిగివస్తాయో చూడాలన్న ఆసక్తి తెలుగువాళ్లలో ఎవరికి ఉండదు? తాతమనవళ్ల కళ్ల మధ్య దూరం, చెంపల నిండుతనం ఎంత దగ్గరగా ఉన్నాయో చుక్కలు పెడుతున్నప్పుడే తెలిసిపోయింది. చాలా చుక్కలను జరపాల్సిన అవసరమే రాలేదు. కానీ వీటిని ఇంట్లో చూసుకోవడానికే ఉంచుకున్నాను, బయట ఎక్కడా పెట్టలేదు. ప్రముఖుల ముఖం, పేరు, గొంతు వారి అనుమతి లేకుండా వాడుకోవడం మీద న్యాయస్థానాలు ఇటీవల గట్టిగా ఉంటున్నాయి. 2023లో అనిల్ కపూర్‌కు, 2025లో నాగార్జునకు ఢిల్లీ హైకోర్టు అలాంటి రక్షణ కల్పించింది. మామూలు మనుషుల విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త అవసరం. 2021 నాటి ఐటీ నిబంధనల్లో కృత్రిమంగా మార్ఫింగ్ చేసిన చిత్రాల ప్రస్తావన నేరుగా ఉంది. బాధితులు ఫిర్యాదు చేస్తే అలాంటివాటిని తొలగించవలసిన బాధ్యతను ఆ నిబంధనలు సామాజిక మాధ్యమాల మీద పెట్టాయి. ఎవరైనా ఇలాంటి వేధింపుకు గురైతే 1930 నంబరుకు ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగానికి చెప్పవచ్చు. స్నేహితురాలి ఫోటో అయినా సరే, అడగకుండా ముట్టుకోవద్దన్నది నేను పెట్టుకున్న నియమం. అడిగితే ఎవరూ కాదనలేదు, తమ పిల్లల ఫోటోలు కూడా పట్టుకొచ్చి ఇచ్చారు.

పూర్తయిన వీడియోను బయటికి తీసే దగ్గర కొంత ఓపిక పట్టాలి. స్క్విర్ల్జ్ మార్ఫ్ ఏవీఐ వీడియోగా, జిఫ్ బొమ్మగా, ఫ్లాష్ ఫైలుగా, లేదా విడివిడి ఫ్రేముల వరుసగా ఇస్తుంది. అడోబీ సంస్థ 2020 చివరితో ఫ్లాష్ ప్లేయర్‌కు స్వస్తి చెప్పింది కాబట్టి మూడోదాన్ని వదిలేయవచ్చు. జిఫ్‌లో ఒక్కో ఫ్రేముకు 256 రంగులకు మించి పట్టవు. కుక్క బొమ్మకు అది చాలు గానీ, మనుషుల చర్మం మీద మచ్చలు మచ్చలుగా చారలు తేలతాయి. కాబట్టి ఏవీఐ తీసుకోవడమే సరైనది. అయితే కంప్రెస్ చేయకుండా తీస్తే సైజు ఎంత వస్తుందో ముందే లెక్క వేసుకోవాలి. నేను పెట్టుకున్న కొలతకు ఒక్కో ఫ్రేము 24 లక్షల బైట్లు. సెకనుకు 15 ఫ్రేముల చొప్పున, ఒక్కో మార్పుకు నాలుగు సెకన్లు ఇచ్చి, మూడు మార్పులకు 180 ఫ్రేములు తీస్తే 430 ఎంబీ దాటింది. పన్నెండు సెకన్ల వీడియో అది. దాన్ని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4గా మార్చిన తరువాతే వాట్సాప్‌లో బంధువులకు పంపగలిగాను. నేరుగా ఎంపీ4 ఇచ్చే సౌకర్యం ఇందులో లేకపోవడం ఈ రోజుల్లో పెద్ద కొరతే. నిడివి విషయంలో ఒక సలహా ఇస్తాను: మార్పుకు రెండు సెకన్లే ఇస్తే పెద్దవాళ్ల కళ్లకు అందదు. నాలుగు సెకన్లు ఇచ్చి, ప్రతి అసలు ముఖం దగ్గరా ఒకటి రెండు సెకన్లు ఆగేలా వీడియో ఎడిటరులో కలుపుకుంటే, చూసేవారు ఆ మనిషిని గుర్తుపట్టి, పేరు చెప్పుకుని, తరువాతి ముఖానికి సిద్ధమవుతారు.

డబ్బు పెట్టి కొనుక్కోగలిగినవారు ఆబ్రోసాఫ్ట్ వారి ఫాంటామార్ఫ్‌ను కూడా పరిశీలించవచ్చు. అది విండోస్ మీదా మ్యాక్ మీదా పనిచేస్తుంది, స్టాండర్డ్, ప్రొఫెషనల్, డీలక్స్ అని మూడు రకాలుగా దొరుకుతుంది. డీలక్స్‌లో ముఖంలోని కళ్లు, ముక్కు, నోరు ఎక్కడున్నాయో దానంతట అదే గుర్తించే ఏర్పాటు, కొన్ని ముఖాలను కలిపి ఒక సగటు ముఖం తయారుచేసే ఏర్పాటు ఉన్నాయి. ఫంక్షన్లకు వీడియోలు చేసి ఇవ్వడం వృత్తిగా ఉన్నవారికి, వారానికి పది ముఖాలు మార్చాల్సినవారికి అది సరైనది. ఇంట్లో సొంతవాళ్ల ఫోటోలతో ఒకటి రెండు వీడియోలు చేసుకోవాలనుకునే నాలాంటివారికి మాత్రం స్క్విర్ల్జ్ మార్ఫే చాలు.

ఫోన్‌లో ఒక్క నొక్కుతో మార్చి ఇచ్చే కృత్రిమ మేధ యాప్‌లు ఇన్ని ఉండగా ఇంత శ్రమ ఎందుకని తమ్ముడు అడిగాడు. అలాంటి వాటిలో చాలావరకు మన ఫోటోలను ఎక్కడో ఉన్న సర్వరుకు పంపి పని చేయించుకుంటాయి. అమ్మమ్మ ఫోటోను, నాలుగేళ్ల పిల్లవాడి ఫోటోను అలా పంపడం నాకు ఇష్టం లేదు. స్క్విర్ల్జ్ మార్ఫ్‌లో పనంతా మన కంప్యూటరులోనే జరుగుతుంది, ఇంటర్నెట్ తీసేసినా ఆగదు. రెండో కారణం నాకు ఇంకా ముఖ్యమైనది. మొదటి ఫోటో, చివరి ఫోటో ఇచ్చి మధ్యలోనిదంతా యంత్రాన్నే ఊహించుకోమంటే, అది ఎన్నో లక్షల ముఖాల నుంచి నేర్చుకున్నదాన్ని పట్టి ఎవరిదో ముఖాన్ని మధ్యలో నిలబెట్టవచ్చు. చుక్కల పద్ధతిలో మధ్య ఫ్రేములో ఉండేది ఆ ఇద్దరి ముఖాలే. బయటి నుంచి ఒక్క గీత కూడా వచ్చి చేరదు. పైగా తాతయ్య ముఖం మీద డెబ్బై చోట్ల ఆగి ఆగి చూడటంతో, ఇరవై ఏళ్లుగా గోడ మీద చూస్తున్న ఆ ఫోటోలో నేను ఎన్నడూ గమనించనివి కనిపించాయి. ఎడమ కనుబొమలో చిన్న గాటు ఉంది. చిన్నప్పుడు చెరువు గట్టు మీద పడ్డప్పుడు తగిలిందని నాన్నమ్మ చెప్పింది. నాన్నగారి కింది పెదవి కుడివైపు కొంచెం పల్చన. అన్నయ్యదీ అంతే, చిన్నవాడిదీ అంతే. చుక్కను ఒక ఫోటోలో ఎంత జరిపానో మిగతా మూడింటిలోనూ అంతే జరపాల్సి రావడం వల్లే అది తెలిసింది.

షష్టిపూర్తి నాడు తణుకులో, భోజనాలకు ముందు తెర మీద వీడియో వేశాం. హాలంతా నిశ్శబ్దంగా చూసి, చిన్నవాడి ముఖం వచ్చేసరికి ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో కూర్చున్న నాన్నమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. "అమ్మలూ, మళ్లీ వెయ్యి" అంది. మళ్లీ వేశాను. "అదిగో, అక్కడ ఆపు." తాతయ్య నుంచి నాన్నగారికి మారే దారిలో, దాదాపు నడిమధ్యన, మీసం సగం సన్నబడి, చెంపలకు అప్పుడప్పుడే రంగు పడుతున్న ఫ్రేము దగ్గర ఆగింది. నాన్నమ్మ దగ్గరికి వెళ్లి తెరను చేత్తో తాకి, "ఇది మా చిన్న మరిది" అంది. నాన్నగారి చిన్నాన్న ఆయన. ముప్పై ఐదేళ్లు నిండకుండానే పోయారట. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు, మా తరంలో ఎవరం ఆయన ముఖం ఎరుగం. పెద్ద అత్తయ్య లేచి వచ్చి చూసి, "నుదురు కొంచెం వెడల్పుగా ఉండేది, మిగతాదంతా ఆయనే" అని ధ్రువపరిచింది.

ఫ్రేములను విడివిడి బొమ్మలుగా కూడా తీసి పెట్టుకున్నాను కాబట్టి దాన్ని వెతకాల్సిన పని పడలేదు. 180లో అది 29వది. మరునాడు ఉదయం దాన్ని పోస్టుకార్డు కొలతలో ప్రింటు వేయించి తెచ్చాను. నాన్నమ్మ చేతికి ఇచ్చే ముందు, వెనక వైపు తాతయ్య పేరు, నాన్నగారి పేరు, తేదీ రాసి, ఇది ఆ ఇద్దరి ఫోటోలనూ కలిపి కంప్యూటరులో మార్ఫ్ చేసిన చిత్రమని, ఎవరినీ చూసి తీసిన ఫోటో కాదని నాన్నమ్మకు చదివి వినిపించాను. ఆమె తల ఊపి, దాన్ని రామాయణం పుస్తకంలో పెట్టుకుంది.